ఒక్కటే గీత, కింద అక్షరం కనపడాలె

ముందు సంగతి చెప్పేస్తాను, చెప్పకపోతే నాకు ఊపిరాడేటట్టు లేదు. నా కథ పుస్తకంలో వస్తోంది. కొత్తగా రాస్తున్న వాళ్ల కథలన్నీ కలిపి వేస్తున్న పుస్తకం, అందులో నాది నాలుగోది. మా ఇంటి పేరు ఇప్పటిదాకా రేషన్ కార్డు మీద, కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా అచ్చయింది లేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే, ఇప్పుడు ఇందులోనూ మొదటి మనిషిని నేనే. మంగళవారం మధ్యాహ్నం కంపెనీ క్యాంటీన్లో సాంబారు గిన్నె పట్టుకుని నిలబడి ఉండగా ఆ పుస్తకం సంపాదకురాలు ఫోన్ చేసి చెప్పింది. గిన్నె ఎవరి చేతిలో పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, నీ మీద రాసిన కథ పుస్తకంల వస్తుంది" అన్నాను.

"ఏలు కతనా, నా కతనా?" అంది.

ఆమె అట్లా అడగడానికి కారణం ఒకే ఒక్క మనిషి, మా సార్. ఆయనకు ఫోన్ చేసి, ముందు సంతోషం చెప్పుకుని, ఆ తర్వాత నాలుగేళ్లుగా కడుపులో పెట్టుకున్నదంతా కక్కేద్దామనుకున్నాను. ఫోను ఆయన భార్య ఎత్తింది.

"సారు పోయి పదకొండు దినాలాయె బిడ్డా. నీకు తెల్వదా?"

నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. నాలుగేళ్లు నన్ను అంత సతాయించి, తీరా కబురు చెప్పే రోజుకు లేకుండా పోయాడు. మాకెవరికీ తెలియకపోవడానికి కారణం కూడా ఆయనే. కంపెనీ బస్సు వాట్సాప్ గ్రూపులో అందరూ పొద్దున్నే పూల బొమ్మలు పెడుతున్నారని, రిటైరైన రోజు సాయంత్రమే అందులోంచి బయటికి పోయాడు.

ఆయన పేరు రాయను. "పాత్రకు పేరు పెట్టిన్నాడే కథ సచ్చిపోతది" అనేవాడు. ఆయన చెప్పిన వాటిలో నేను పోట్లాడకుండా పాటిస్తున్నది ఈ ఒక్కటే.

మాది బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ. మందు తయారయ్యేటప్పుడు ఏ గంటకు ఏం పోశారు, వేడి ఎంత ఉంది, ఎవరు చూశారు అని ప్రతి అడుగూ అప్పటికప్పుడు కాగితం మీద రాయాలి. దాన్ని బ్యాచ్ రికార్డు అంటారు. ఆ రికార్డులన్నీ సరిచూసే సెక్షన్‌కు ఆయన పెద్ద. నేను బీఎస్సీ కాగానే ఆయన కింద చేరాను. మొదటి రోజు ఒక అంకె తప్పు రాసి, తెల్ల రంగు పూసి సరిచేయబోయాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, ఆ సీసా తీసుకుని చెత్తబుట్టలో వేశాడు.

"తప్పు రాసుడు తప్పు గాదమ్మా. తప్పును దాసుడు తప్పు. ఒక్కటే గీత కొట్టు. కింద అక్షరం కనపడాలె. పక్కకు సంతకం పెట్టు, తారీఖు ఎయ్. నేను సూసి నా సంతకం పెడ్త."

ఖాళీ జాగా కనపడితే ఆయనకు దయ్యం కనపడినట్టే. "గీ ఖాళీ ఎందుకు ఇడిసినవ్? రేపు ఎవడన్న వచ్చి గిండ్ల ఏదన్న రాస్తే?" అంటూ అడ్డంగా గీత కొట్టించి, దాని మీదా సంతకం పెట్టించేవాడు. టైము దగ్గర మరీ ఘోరం. "పది నలభైకి సూసినవ్, పది నలభై అయిదుకు రాసినవ్. నడుమ అయిదు నిమిషాలు ఏడవోయినయ్?" అని అడిగితే, ఆ అయిదు నిమిషాలు నేనే ఎత్తుకుపోయినట్టు తల దించుకునేదాన్ని.

ఇదంతా భరించొచ్చు. ఉద్యోగం కాబట్టి. అసలు సంగతి బస్సు ఎక్కాక మొదలయ్యేది.

కంపెనీ బస్సు సంగారెడ్డిలో బయల్దేరి పటాన్‌చెరు మీదుగా బొల్లారం పోతుంది. నేను ఎక్కే వేళకు ఆయన డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన ఉండేవాడు. చేతిలో లావు పుస్తకం. దానికి పాత క్యాలెండరు కాగితం అట్ట. ఒకసారి లక్ష్మీదేవి, ఒకసారి ఎరువుల షాపువాళ్ల ట్రాక్టరు. లోపల మాత్రం ఎక్కడో చలి దేశాల్లో వందేళ్ల కింద రాసిన నవలలు. చొక్కా జేబులో రెండు పెన్నులు ఉండేవి. నీలం కంపెనీకి, నలుపు సాహిత్యానికి. నలుపు పెన్ను పొరపాటున కూడా ఆఫీసులో బయటికి తీయడు.

నేను కథలు రాస్తానని తెలిసిన రోజు నుంచి పక్క సీటు నాదైంది. ఆయన సూత్రాలు నాకు నిద్రలో కూడా వచ్చేవి. "కథల కథ ఉంటే అది కథ గాదమ్మా, పంచాయితి." "ఫుల్‌స్టాప్ పెట్టుడంటే సదివేటోన్ని నడుమ ఆటోలకెల్లి దింపుడే. ఎందుకు దింపుతవ్?" "పొద్దుగాల అయిందాన్ని పొద్దుగాల, మాపటికి అయిందాన్ని మాపటికి రాస్తే ఇగ నువ్వెందుకు, గడియారం ఉంది గదా."

ఒకరోజు నేను ఊరుకోలేకపోయాను. "సార్, ఆఫీసుల అయిదు నిమిషాలు ఎనకముందైతే పానం తీస్తరు. కథల టైము వరుసగ ఉంటెనేమో పనికిరాదంటరు. ఇదేం లెక్క సార్?"

"రికార్డును ఇన్‌స్పెక్టర్ సదువుతడు. నీ కథను ఎవరు సదువుతరు?"

"మా అమ్మ."

"మీ అమ్మకు సదువొస్తదా?"

"రాదు. నేను సదివి ఇనిపిస్త."

ఆయన తర్వాతి స్టాపు దాకా మాట్లాడలేదు. నేను గెలిచాననుకున్నాను. స్టాపు దాటగానే అన్నాడు, "అట్లయితే నువ్వు రాసుడెందుకు? నోటితోనే చెప్పు."

ఆయన మాటలో పస లేదని అంటే అబద్ధం అవుతుంది, అందుకే ఇంకా చిరాకు. ఒకసారి బొల్లారం మలుపు దగ్గర బస్సులోకి ఫ్యాక్టరీల ఘాటు వాసన రాగానే అందరం ముక్కులకు కర్చీఫులు అడ్డం పెట్టుకున్నాం. ఆయన పెట్టుకోలేదు. కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "గా నవలలు రాసినోళ్ల ఊర్లల్లకు గూడ గిట్లనే ఫ్యాక్టరీలు వచ్చినయ్. మనిషి ముక్కలు ముక్కలైండు. ముక్కలైన మనిషిని ముక్కలుగనే రాసిన్రు. మనమేమో ఇంక మనిషిని పురాగ ఉన్నట్టే రాస్తున్నం. అది అబద్ధం గాదా?" ఆ రోజంతా పని చేస్తూ అదే ఆలోచించాను. అట్లా పట్టేసేవాడు.

ఆ పట్టు నా ఒక్కదానిమీదే కాదు. పటాన్‌చెరు లైబ్రరీలో ఆదివారం పొద్దున కథలు రాసేవాళ్లం ఏడెనిమిది మందిమి కూర్చునేవాళ్లం. రిటైరై రావడం మానేసేదాకా అందరికీ ఆయనే పెద్ద దిక్కు. ఆయన మాట విని విని మా ఫ్యాక్టరీల బెల్టులో కథలన్నీ ఒకే రోగంతో మంచాన పడ్డాయి. తెల్లాపూర్‌లో పెద్ద అపార్టుమెంట్ల రిసెప్షన్లో పనిచేసే అమ్మాయి, లిఫ్టు ఆరు పేజీలు పైకి పోతూనే ఉండే కథ రాసింది. అది ఏ అంతస్తులోనూ ఆగలేదు. "ఆగొద్దు" అన్నాడు సార్ సంతోషంగా. బాయిలరు దగ్గర ఫిట్టరుగా ఉండే తమ్ముడొకడు, బాయిలరు తన చిన్నతనం తలుచుకునే కథ తెచ్చాడు. వాడి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ ఉంది. అది ఎట్లా అయిందో ఒకసారి టీ తాగుతూ అయిదు నిమిషాల్లో చెప్పాడు. మేమందరం బిస్కెట్లు నమలడం మానేశాం.

"గదే రాయరాదురా" అన్నాను.

"రాస్త. సార్ కొట్టేస్తడక్కా" అన్నాడు వాడు మచ్చ మీదికి చొక్కా చెయ్యి లాక్కుంటూ.

ఇక నా కథ. అమ్మ ఎనిమిదేళ్లు రసాయనాల ఖాళీ డ్రమ్ములు కడిగే షెడ్డులో పనిచేసింది. ఆ పనిలో ఆమె వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. ఒక నెల రేషన్ షాపులో మిషను ఆమె వేలిముద్ర తీసుకోలేదు. మూడు రోజులు తిరిగింది. ఒకరోజు కొబ్బరినూనె రాసుకుని పోయింది, ఒకరోజు నిమ్మకాయ రుద్దుకుని పోయింది. మూడో రోజు ఇంటికొచ్చి కొంగుతో వేలు తుడుచుకుంటూ, "నా ఏలు నన్ను గుర్తువట్టలే బిడ్డా" అంది. మర్నాడు నేను పోయి వేలు పెడితే మొదటిసారికే పచ్చ లైటు వెలిగింది. తిరిగొస్తుంటే బియ్యం సంచి నన్ను మోయనియ్యలేదు. తనే నెత్తిన పెట్టుకుని నాకంటే ముందు నడిచింది. అంతే కథ. ఏడు పేజీలు రాసి, అమ్మకు చదివి వినిపించాను. "అవ్, గిట్లనే అయింది" అని, సంచి దగ్గరికి వచ్చేసరికి మొహం అటు తిప్పుకుంది.

పుస్తకానికి పంపడానికి చివరి రోజున దాన్ని సార్‌కు చూపించడం నా బుద్ధితక్కువ. సాయంత్రం షిఫ్టు అయ్యాక, కంపెనీ గేటు ఎదుటి టీ కొట్టు బల్ల మీద ఆ కాగితాలు పరిచాడు. సాసర్లో టీ పోసుకుని, ఒక్క గుక్కా తాగకుండా ఏడు పేజీలూ చదివాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి పోయాయి.

"అమ్మ ఎందుకు ఇందుల?"

"ఆమె కథ సార్ ఇది."

"అమ్మ అనంగనే అందరికి కండ్లల్ల నీళ్లొస్తయ్. అది తేలిక పని. అమ్మను తీసెయ్. ఏలు ఉండనియ్ చాలు. ఏలే ఆలోచించాలె."

"ఏలు ఏం ఆలోచిస్తది సార్?"

"అది నువ్వు కనుక్కోవాలె. నేను చెప్తే నా కథయితది."

నేను ఏడుపు ముఖంతో పెన్ను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. మా ఇంట్లో ఎవరూ పుస్తకం చదవలేదు, ఆయన వందలు చదివాడు. నాకంటే ఆయనకే తెలుసు అనుకున్నాను. ఆయన వేలు పెట్టి చూపించిన వాక్యమల్లా కొట్టేశాను. కొంగుతో తుడుచుకున్న వాక్యం, నిమ్మకాయ వాక్యం, బియ్యం సంచి వాక్యం. పేజీల అంచుల్లో వేలు ఏమనుకుందో రాశాను. "నేను ఎవరి వేలిని, నేను లేని గీతను" అని ఏదో రాశాను. ఆయన తల ఊపాడు.

ఇక్కడే మా ఇద్దరి చేతులూ ఒక పని చేశాయి, దాన్ని మేమిద్దరమూ గమనించలేదు. నాలుగేళ్ల అలవాటు కదా. నేను కొట్టేసిన ప్రతి వాక్యం మీదా ఒక్కటే గీత గీశాను, పక్కన సంతకం పెట్టాను, తారీఖు వేశాను. ఆయన కూడా సాహిత్యం సంగతి మరిచిపోయి నీలం పెన్ను తీసి, ప్రతి గీత పక్కనా సరిచూసినట్టు తన రెండక్షరాల సంతకం పెట్టుకుంటూ పోయాడు. మళ్లీ శుభ్రంగా రాసుకునే టైము లేదు. బస్సులో కూర్చుని ఆ పేజీలనే ఫోనుతో ఫోటోలు తీసి పంపేశాను. కొట్టేసినవి ఎట్లాగూ వదిలేస్తారు కదా అనుకున్నాను.

ఇంటికి పోయి మిగిలిన కథ అమ్మకు చదివాను. పొయ్యి దగ్గర కూర్చుని చివరిదాకా విన్నది.

"గందుల నేనేడున్న బిడ్డా?" అంది.

"ఏలు ఉంది గదమ్మా" అన్నాను.

ఆమె తన వేలు ఎత్తి దీపం వెలుగులో ఒకసారి చూసుకుని, రొట్టె తిప్పేసింది. ఆ తర్వాత ఆ కథ సంగతి ఎత్తలేదు, మంగళవారం దాకా.

మంగళవారం సంపాదకురాలు చెప్పిన సంగతి ఇది. "భలే ప్రయోగం చేశారమ్మా. వాక్యం రాసి, కొట్టేసి, కొట్టేసినందుకు సంతకం పెట్టడం నేనెక్కడా చూడలేదు. నిజం చెప్పాలంటే ఆ కొట్టేసిన వాక్యాల్లోనే ఆవిడ కనపడింది. అవి చదివే కథ తీసుకున్నాను. మిగతాదంతా ఆ వేలు."

"మేడం, అది ప్రయోగం కాదు. మా కంపెనీలో తప్పు రాస్తే అట్లాగే కొట్టేయాలి. అలవాటులో చేశాను."

ఆమె "అయితే మరీ బావుంది" అంది. నాకు సాంబారు గిన్నె అవసరం అప్పుడే వచ్చింది, ఎవరి మీదనైనా పోయడానికి. "గీతలతో, సంతకాలతో మీ చేతిరాతనే వేయమంటారా? లేక గీతలు, ఆ వేలి మాటలు తీసేసి మామూలుగా అచ్చు వేయమంటారా? ఆదివారంలోగా చెప్పండి. అన్నట్టు, పక్కన రెండో సంతకం ఎవరిది?"

నాకు నిద్ర లేకుండా చేసింది ఆ చివరి ప్రశ్న. సార్ ఇరవై ఏళ్లుగా ఒక నవల రాస్తున్నాడు. ఎవరికీ చూపించలేదు. ఆయన అక్షరం ఒక్కటీ అచ్చు కాలేదు. గీతలు ఉంచితే మొదటిసారి ఆయన రెండక్షరాలు అచ్చవుతాయి, కానీ మా అమ్మ ప్రతి పేజీలోనూ కొట్టేసి ఉంటుంది. గీతలు తీసేస్తే అమ్మ నిలబడుతుంది, ఆయన పోతాడు. బతికి ఉంటే ఆయన్నే అడిగి, ఆయన చెప్పినదానికి రివర్సు చేసేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా చేశాడు.

శనివారం సంగారెడ్డి పోయాను. వాళ్ల ముందు గదిలో సార్ ఫోటో కుర్చీ మీద పెట్టి ఉంది. ఫోటోలో కూడా కళ్లద్దాలు నుదుటి మీదే ఉన్నాయి. ఆయన భార్య నాకు చాయ్ ఇచ్చి, లోపలికి పోయి పొడుగాటి రిజిస్టరు ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇరవై ఏండ్లాయె బిడ్డా, రోజు గిదే రాసుడు. ఏం రాస్తున్నవ్ అంటే, నీకు సమజ్ గాదు తియ్ అనేటోడు. నువ్వు సదువుకున్న పిల్లవు. అందుల ఏముందో జెర చెప్పు."

తెరిచాను. గేటు. మొదటి పేజీ నిండా గేటు ఆలోచిస్తోంది. తెరుచుకోవడం అంటే ఏమిటి, మూసుకోవడం అంటే ఏమిటి, తుప్పు కల కంటుందా. ఫుల్‌స్టాప్ లేదు. రెండు పేజీలు చదివి వినిపించాను. ఆమె తల ఊపుతూ మర్యాదగా వింది, మా అమ్మ వేలి కథ విన్నట్టే. మూడో పేజీ తిప్పి ఆగిపోయాను. పేజీకి నాలుగైదు వాక్యాలు కొట్టేసి ఉన్నాయి. ఒక్కటే గీత. పక్కన సంతకం, తారీఖు. కింద అక్షరాలు శుభ్రంగా కనపడుతున్నాయి.

"ఇవి కొట్టేసినయమ్మా, ఇవి గూడ సదవాల్నా?"

"సదువు. ఆయన రాసిందే గదా."

చదివాను. "మా నాయన కంపెనీ గేటు దగ్గర కాపలా కూర్చునేవాడు. గేటు ఉన్న చోటు అంతకుముందు మా జొన్నచేను. ఎండాకాలం ఆయన కుర్చీ వేసుకునే జాగాలో మా బావి ఉండేది. ఎవరైనా మంచినీళ్లు అడిగితే, అలవాటుకొద్దీ ముందు కిందికి చూసేవాడు."

ఆమె చేతిలో చాయ్ కప్పు అట్లాగే ఆగిపోయింది.

"మా మామ" అంది. "గట్లనే సూసేటోడు. నేను కొత్తగ వచ్చినప్పుడు నాకు తెల్వక, ఏం పడేసుకున్నవ్ మామా అని అడిగిన. నవ్విండు." కప్పు కింద పెట్టి అడిగింది, "గిది మంచిగనే ఉంది గదా. ఎందుకు కొట్టేసిండు?"

"తప్పు అనుకున్నడమ్మా."

"తప్పయితే నల్లగ రుద్దెయ్యాలె. గిట్ల కనవడేటట్టు ఎందుకు కొట్టిండు?"

"అది కంపెనీ రూలమ్మా."

"ఇంట్ల గూడనా?"

నేను ఫోటో వైపు చూశాను. సార్, మీరు బతికి ఉంటే ఈ ప్రశ్నకు బస్సులో మీతో బొల్లారం దాకా పోట్లాడేదాన్ని. బాయిలరు తమ్ముణ్ని కూడా పక్కన కూర్చోబెట్టేదాన్ని. ఇరవై ఏళ్లు ఈ నాలుగు వాక్యాలను దాచుకోలేక, ఉంచుకోలేక, గీత కింద పెట్టుకుని, మా అందరి నాలుగు వాక్యాల మీదా అదే గీత కొట్టించారు.

"ఇంకొకటి సదువు బిడ్డా" అందామె. "గేటు ఒద్దు. కొట్టేసినయే సదువు."

పదకొండు పేజీలు చదివాను. ఆమె ఒక్కచోట కూడా అర్థం కాలేదని అనలేదు. రెండుచోట్ల నాకే అర్థం చెప్పింది.

బయటికి వచ్చి, ఆటో ఎక్కకుండా అక్కడే నిలబడి సంపాదకురాలికి ఫోన్ చేశాను. "గీతలు తీసేయండి మేడం. వేలి మాటలు తీసేయండి. కొట్టేసిన వాక్యాలన్నీ మామూలుగా వేయండి. మా అమ్మకు వినిపించాలి."

"సరే. సంతకాలు కూడా తీసేసినట్టేనా?"

"నావి తీసేయండి. రెండో సంతకం మాత్రం ఒక్కటి కథ చివర ఉంచండి. ఉన్నది ఉన్నట్టు, ఆ రెండక్షరాలు."

"గీతలే లేకపోతే అది ఎవరిదో, అక్కడ ఎందుకుందో చదివేవాళ్లలో ఒక్కరికి కూడా అర్థం కాదమ్మా."

"అర్థం కాకపోతేనే ఆయనకు సంతోషం మేడం" అన్నాను.